దినములను లెక్కించుట



ఈ సాయంకాలము మీతో మరణమును గూర్చి మాటలాడవలెనని వచ్చితిని. దీపములు పెట్టు వేళ ఇట్టి ప్రసంగమేల యని మీలో కొందరు అనుకొనవచ్చును. కాని గ్రామములో ఏ యింట మృత్యువు ప్రవేశించినను మొట్టమొదట కబురు వచ్చునది పెద్దల గడపకే. పాడె కట్టించువారు మీరు. ఏడ్చువారి నోదార్చువారు మీరు. పిదప ఆ యింటి పొలము పంపకములకు మధ్యవర్తులై కూర్చుండువారును మీరే. కావున ఈ విషయము మీకు క్రొత్తది గాదు. నాకును క్రొత్తది గాదు. నా వయస్సు 72 సంవత్సరములు.

మూడేండ్ల క్రిందట గుండెజబ్బు చేసి 11 దినములు ఆసుపత్రిలో పడియుంటిని. ఒకనాటి సాయంకాలము వైద్యుడు నా కుమారుని వరండాలోనికి పిలిచి, మెల్లగా ఏమో చెప్పుట కిటికీగుండ చూచితిని. ఆ రాత్రి నిద్రపట్టలేదు. బ్రతికి యింటికి పోయినచో ఫలానా పని చేసి తీరెదనని మనసులో ఒట్టు పెట్టుకొంటిని. బ్రతికితిని, ఇంటికి వచ్చితిని, ఒట్టును వాయిదా వేసితిని. ఆ సంగతి కడపట చెప్పెదను. అంతకు ముందు బైబిలు గ్రంథము మానవుని ఆయుష్షును గూర్చి యేమి చెప్పుచున్నదో, ఆ ఆయుష్షునకు ప్రయోజనము ఎందున్నదని చెప్పుచున్నదో, నాకు తెలిసినంతవరకు విన్నవించెదను. వినువారు ఏ మతస్థులైనను సరియే. మృత్యువు అందరి యిండ్లకును వచ్చునది గదా.

బైబిలులో కీర్తనలను గ్రంథమున 150 కీర్తనలున్నవి. వానిలో 90వది దైవజనుడైన మోషే చేసిన ప్రార్థన యని దాని శీర్షిక చెప్పుచున్నది. మోషే పేరిట నున్న కీర్తన ఆ గ్రంథములో అదియొక్కటే. ఆ ప్రార్థన ఎట్టివాని నోట పెట్టబడినదో తెలిసినగాని దాని బరువు మనకు తెలియదు. మోషే తన జనమును ఐగుప్తు దాస్యమునుండి విడిపించి 40 ఏండ్లు అరణ్యములో నడిపించినవాడు. బయలుదేరిన నాటికి పెద్దవారైయున్న తరమంతయు, ఇద్దరు దప్ప, ఆ యెడారిలోనే రాలిపోయెను. తన యీడువారి నందరిని ఒక్కొక్కరిని ఇసుకలో పాతిపెట్టుచు ముందుకు సాగినవాడాయన. తుదకు తానును 120వ యేట నెబో కొండమీదినుండి వాగ్దానదేశమును కన్నులార చూచి, దానిలో అడుగుపెట్టకయే మరణించెను. ఆయన సమాధి యెక్కడనో ఎవరికిని తెలియదని ఆ గ్రంథమే చెప్పుచున్నది.

అట్టివాని పేరిట నున్న యీ ప్రార్థన ఏమనుచున్నది? దేవుని దృష్టికి వేయి సంవత్సరములు గడచిన నిన్నటిదినము వంటివట. మానవుడు ఉదయమున చిగిర్చి సాయంకాలమునకు వాడు గడ్డి వంటివాడట. ఆయుష్షు 70 ఏండ్లు. బలము గలవారికి 80. అందులోను అధికభాగము ఆయాసము, దుఃఖము. ఇంతవరకు చెప్పి, కీర్తనకారుడు తన ఆయుష్షును పెంచుమని యడుగడు. మా దినములను లెక్కించుట మాకు నేర్పుము, అప్పుడు మా హృదయమునకు జ్ఞానము కలుగును, అని యడుగుచున్నాడు.

ఇచట నాకొక సందేహము కలిగెను. దినములను లెక్కించుట యనగా నేమి? పుట్టిన దినము మనకు తెలియును. పోవు దినము తెలియదు. ఒక కొన కనబడని త్రాటిని కొలుచుట యెట్లు? ఈ ప్రశ్నకు ఉత్తరము ఆ కీర్తనలో విడిగా లేదు. బైబిలులోని యితర గ్రంథములలో వెదుకవలసియున్నది.

మొదట మానవుని సృష్టిని చూతము. ఆదికాండములో దేవుడు నేలమంటితో మనుష్యుని చేసి, వాని నాసికారంధ్రములలో జీవవాయువు నూదెనని యున్నది. హీబ్రూ భాషలో మనుష్యునికి ‘ఆదాము’ అనియు, మంటికి ‘అదామా’ అనియు పేరు. పేరులోనే మన్ను కలిసియున్నది. మంటిని దున్ని, మంటినుండి తిని, మంటిలో కలియువాడని రైతుకు వేరుగా వివరింపనక్కరలేదు.

మన్ను ఒక పాలు. ఊపిరి మరియొక పాలు. ఆ ఊపిరిని గూర్చి ప్రసంగి యను చిన్నగ్రంథము మాటిమాటికి చెప్పును. అందులో ‘హెబెల్’ అను హీబ్రూ మాట ముప్పదికి మించిన సారులు వచ్చును. మన తెలుగు బైబిలులో దానిని వ్యర్థమని తెలిగించిరి. ఆ మాటకు అసలైన అర్థము ఊపిరి, ఆవిరి. పుష్యమాసపు తెల్లవారుజామున పాలు పితుకబోవువాని నోటినుండి వెడలు ఆవిరిని తలచుకొనుడు. కంటికి కనబడును, పిడికిట పట్టబోయిన దొరకదు. ధనము, కీర్తి, తోటలు, భవనములు, పాండిత్యము, అన్నియు అట్టివేయని ప్రసంగి చెప్పుచున్నాడు. ఆదాము రెండవ కుమారునికిని ఈ పేరే. తెలుగులో హేబెలు అందుము. బైబిలు చెప్పు కథలో మొట్టమొదట చనిపోయినవాడతడే. అన్న చేతిలో చనిపోయెను. అయినను ప్రసంగి నిరాశలో కూర్చుండిపోడు. నీ అన్నమును సంతోషముతో తినుము, చేతికి వచ్చిన పనిని శక్తికొలది చేయుము, పాతాళములో పనియు లేదు ఉపాయమును లేదు అని హెచ్చరించును. పట్టుకొనరానిదని తెలిసినపిదపనే దానిని ప్రేమతో వాడుకొనుట చేతనగునని నాకు తోచుచున్నది.

ఇక భూమి సంగతి. అబ్రాహామునకు దేవుడు కనాను దేశమంతయు నిచ్చెదనని వాగ్దానము చేసెను. ఆయన అక్కడ గుడారములలో ఎన్నియో ఏండ్లు కాపురముండెను. భార్యయైన శారా 127వ యేట మరణించినపుడు ఆమెను పాతిపెట్టుటకు జానెడు స్వంతనేల లేకపోయెను. అప్పుడు ఆ యూరి పెద్దల యెదుట, ఎఫ్రోను అను హిత్తీయునికి 400 తులముల వెండి తూచియిచ్చి, మక్పేలా గుహను, అది యున్న పొలమును కొనెను. పొలములోని చెట్లతో సహా హద్దులు చెప్పుకొని, సాక్షుల యెదుట జరిగిన ఆ క్రయమును చదువునపుడు మన దస్తావేజులే జ్ఞప్తికి వచ్చును. దేశమంతయు వాగ్దానము పొందినవానికి చేతికి వచ్చిన మొదటి పొలము ఒక సమాధి. 175 ఏండ్లు జీవించి ఆయనయు అందే చేరెను. పాతిపెట్టినవారు ఇస్సాకు, ఇష్మాయేలు అను ఇద్దరు కుమారులు. తల్లులు వేరు; చిన్ననాడే ఒకడు ఇంటినుండి వెళ్లగొట్టబడినవాడు. ఆ యిద్దరును తండ్రి సమాధియొద్ద కలిసి నిలిచిరని గ్రంథము ఒక్క వాక్యములో చెప్పి యూరకుండును. దినములు లెక్కించుటలో ఇదియొక లెక్క: భూమి మనతో రాదు, దానికై విడిపోయిన మనుష్యులు మాత్రము సమాధియొద్ద కలియవలసినవారే.

ఇప్పుడు నేను ముఖ్యముగా చెప్పదలచిన కథకు వచ్చుచున్నాను. ‘ఎంతకాలము బ్రతుకుదునో ముందుగా తెలిసిన, నేనును సక్రమముగా నడుచుకొందును’ అని మనము అనుకొందుము. ఆ లెక్క తెలిసినవాడొకడు బైబిలులో నున్నాడు. ఆయన హిజ్కియా, యూదా దేశపు రాజు. యెరూషలేము ఆయన రాజధాని. 25వ యేట రాజై, 29 ఏండ్లు పాలించినవాడు. మంచి రాజని పేరు పొందినవాడు. ఆయనకు మరణకరమైన వ్యాధి కలుగగా యెషయా ప్రవక్త వచ్చి, నీ యిల్లు చక్కబెట్టుకొనుము, నీవు బ్రతుకవు అని చెప్పెను. రాజు గోడతట్టు ముఖము త్రిప్పుకొని కన్నీరు విడిచి ప్రార్థించెను. ప్రవక్త నడిమి ప్రాంగణము దాటకముందే, నీ ఆయుష్షునకు 15 సంవత్సరములు కలిపితిని అని దేవునివాక్కు వచ్చెను. అంజూరపుపండ్ల ముద్ద పుండుమీద వేయగా రాజు స్వస్థుడయ్యెను.

చూచితిరా! త్రాటి రెండవ కొన ఆయన చేతికి వచ్చినది. ఆ దినములను ఆయన యెట్లు వాడుకొనెను? రాజు రోగము మాట విని, బబులోను రాజు పత్రికలతోను కానుకతోను దూతలను పంపెను. హిజ్కియా పొంగిపోయి వెండిని, బంగారమును, సుగంధద్రవ్యములను, ఆయుధశాలను, తన యింట నున్న సమస్తమును వారికి చూపెను. చూపని వస్తువొక్కటియు లేదు. ప్రవక్త మరల వచ్చి, నీవు చూపినదంతయు ఒకనాడు బబులోనునకు పోవును, నీ సంతతివారు అక్కడి నగరులో సేవకులగుదురు అని చెప్పెను. అప్పుడు రాజు మొదటివలె గోడతట్టు తిరుగలేదు, కన్నీరు విడువలేదు. నా దినములలో సమాధానముండును గదా, ఆ మాట మంచిదే, అనెను. తన మరణవార్తకు ఏడ్చినవాడు మనుమల దాస్యమునకు ఏడ్వలేదు. 15 అను సంఖ్య తెలిసినది; జ్ఞానహృదయము మాత్రము దానితోపాటు రాలేదు. ఆయన చనిపోవునాటికి కుమారుడైన మనష్షే 12 ఏండ్ల బాలుడు. రాజుల గ్రంథము ప్రకారము, తండ్రి పడగొట్టిన విగ్రహస్థానములను ఆ కుమారుడే మరల కట్టించెను. ప్రవక్త చెప్పినట్లే క్రీస్తుపూర్వము 597లో నగరు ఖజానా బబులోను పాలయ్యెను. 586 ప్రాంతమున యెరూషలేమే కాలిపోయెను.

అయిన హిజ్కియా చేసినదేదియు మిగులలేదా? మిగిలినది. అష్షూరు రాజైన సన్హెరీబు క్రీస్తుపూర్వము 701లో యూదామీదికి దండెత్తి వచ్చెను. ముట్టడిలో నగరవాసులు దప్పితో చావకుండుటకై, ప్రాకారము వెలుపలనున్న గిహోను ఊటనీటిని హిజ్కియా నేలక్రింద సొరంగము త్రవ్వించి నగరములోనికి మళ్లించెనని బైబిలు చెప్పుచున్నది. ఆ సొరంగము నేటికిని కలదు. సుమారు 533 మీటర్ల పొడవున రాతిని తొలిచి, వంకరలు తిరుగుచు పోవును. రెండు కొనలనుండి రెండు జట్లు త్రవ్వుకొనుచు వచ్చి నడుమ కలిసికొనిరి. 1880వ సంవత్సరమున నీటిలో ఆడుకొనుచున్న ఒక బాలుడు గోడమీద పాతకాలపు హీబ్రూ అక్షరములను చూచెను. ఆ శాసనము ఇప్పుడు ఇస్తాంబులులోని పురావస్తుశాలలో నున్నది. అందు రాజు పేరు లేదు. బిరుదులు లేవు. ఇంకను కొన్ని మూరల రాయి మిగిలియుండగా ఈవలివారికి ఆవలివారి పిలుపు వినబడిన సంగతియు, గునపమునకు గునపము తగులునట్లు రాయి తెగి నీరు పారిన సంగతియు మాత్రము వ్రాయబడియున్నవి. 2003లో ప్రకటింపబడిన శాస్త్రపరీక్షలలో ఆ సొరంగపు కాలము హిజ్కియా కాలమునకే సరిపోయినది.

దాని నీరు చేరునది సిలోయము కోనేరు. రాజు గతించిన ఏడువందల యేండ్లకు యేసు ఒక పుట్టుగ్రుడ్డివానిని సిలోయమునకు పోయి కన్నులు కడుగుకొనుమని పంపెనని యోహాను సువార్త చెప్పుచున్నది. రాజు కూడబెట్టిన బంగారము శత్రువుల పాలయ్యెను. ఆయన మళ్లించిన నీరు ఎవడో బిచ్చగాని కన్నులకు దక్కెను. మన పెద్దలు చెఱువును సప్తసంతానములలో నొకటిగా లెక్కించిరి. హిజ్కియా కన్న కుమారుడు తండ్రి పనిని చెరిపెను. ఆయన త్రవ్వించిన నీరు మాత్రము నేటికిని పారుచున్నది. చూడవచ్చినవారు మోకాలిబంటి నీటిలో నడచి పోవుచుందురు. చూపుటకై దాచినది పోయినది. త్రాగుటకై ఇచ్చినది నిలిచినది.

ఇదే సంగతిని యేసు ఒక ఉపమానములో చెప్పెను. లూకా సువార్తలో అది యున్నది. జనములోనుండి ఒకడు లేచి, మా అన్నను పిత్రార్జితములో నా పాలు పంచియిమ్మని చెప్పుడు అని యడుగగా ఆ కథ పుట్టినది. ఒక ధనవంతుని పొలము బాగుగా పండెను. ధాన్యమునకు చోటు చాలక, ఈ కొట్లు విప్పి ఇంతకంటె పెద్దవి కట్టించెదను, పిమ్మట చాలయేండ్లు తిని త్రాగి సుఖించెదను, అని తనలో తాననుకొనెను. ఆ రాత్రియే వాని ప్రాణము అడుగబడెను. వాడు దొంగిలించెనని గాని, కూలి ఎగవేసెనని గాని కథలో లేదు. వాన కురిసినది, నేల పండినది. వాని తప్పు మరియొకటి. ఆ కథనంతయు వెదికినను వాడు తనతో దప్ప ఇంకొకనితో మాటలాడడు. భార్య లేదు, పాలేరు లేడు, పొరుగువాడు లేడు. నా పంట, నా కొట్లు, నా ధాన్యము, నా ప్రాణము. ధాన్యమును కొలిచినాడు గాని దినములను కొలువలేదు.

ఇక నా ఒట్టు సంగతి. మా తండ్రిగారు త్రవ్వించిన బావి యొకటి కలదు. పంపకములలో ఆ బావియున్న చెక్క నా వంతునకు వచ్చెను. వారమునకు రెండు దినములు తమ్ముని మడికి నీరు వదలవలెనని పెద్దలు చెప్పిరి, నేనొప్పుకొంటిని. కొన్నియేండ్లకు మోటారు ఖర్చుల విషయమై మాటామాట పెరిగి, నేను కాలువకు అడ్డముగా మట్టి పోయించితిని. 19 ఏండ్లు మాకు మాటలు లేవు. ఆసుపత్రిలో ఆ రాత్రి నేను పెట్టుకొన్న ఒట్టు ఆ కాలువను తెరచెదననియే. ఇంటికి వచ్చిన పిదప, కొంచెము బలము చిక్కనిమ్ము, పంట కోతలు కానిమ్ము, పండుగ పోనిమ్ము అని రెండేండ్లు గడిపితిని. హిజ్కియా కథను చిన్ననాటినుండి ఎరుగుదును. గత సంవత్సరము దానిని మరల చదువుచు, ‘ఈయనకు 15 ఏండ్లు ఇచ్చిరే, ఏమి చేసికొనెను’ అని యనుకొనుచుండగా, ‘మరి నీకిచ్చినవి?’ అని నా మనస్సే నన్ను అడిగెను. గ్రంథము మూసి, కఱ్ఱ తీసికొని, తమ్ముని యింటికి పోయితిని.

వాడు అరుగుమీద కూర్చుండియుండెను. లేచి నిలుచుండి, “లోపలికి రా అన్నయ్యా” అనెను. నేను కూర్చుండకయే, “కాలువ తీయించుచున్నానురా. రేపటినుండి నీ మడికి నీరు పెట్టుకో” అంటిని. వాడు కొంతసేపు మాటలాడలేదు. తరువాత, “ఆ మడి నిరుడే అమ్ముకొన్నాను అన్నయ్యా. నీరు లేని పొలమునకు వచ్చిన ధరకే ఇచ్చితిని” అనెను. నిందింపలేదు, సంగతి చెప్పెను, అంతే. నేను ఆసుపత్రిలో ఒట్టు పెట్టుకొన్న నాటికి ఆ మడి వానిదే. ఇంటికి వచ్చిన నాడే పోయియుండిన అది నేటికిని వానిదే యై యుండును. నాకు కలిపి యియ్యబడిన దినములలోనే దానిని పోగొట్టితిని. కాలువ మాత్రము తీయించితిని. ఇప్పుడు కొన్నవాని పైరును, దానికి దిగువనున్న మరి యిద్దరి పైర్లును ఆ నీటితో తడియుచున్నవి. తమ్ముడు సాయంకాలములు మా అరుగుమీదికి వచ్చి కూర్చుండును. పోయిన మడి మా యిద్దరి నడుమ నుండనే యున్నది, అయినను మాటలాడుకొందుము.

నేను తెలిసికొన్న లెక్క ఇది. దినములను లెక్కించుట యనగా ఎన్ని మిగిలెనని చూచుట గాదు. నేటి దినము ఎవరికి చెందినది, నేడు నావలన ఎవరి కాలువ పూడియున్నది, అని చూచుట. మీకా యను ప్రవక్త దేవుడు మానవునియొద్ద కోరునది మూడే యని చెప్పెను: న్యాయముగా నడచుట, కనికరమును ప్రేమించుట, దేవునియెదుట వినయముతో మెలగుట. ఈ మూడింటిలో దేనికిని 15 ఏండ్ల గడువు అక్కరలేదు. ఒక్క సాయంకాలము చాలును.

మరణము తరువాత ఏమి యని మీరడుగవచ్చును. మొదట చెప్పవలసినది, బైబిలు దుఃఖమును తప్పు పట్టదు. లాజరు సమాధియొద్ద యేసు కన్నీరు విడిచెను. పౌలు కొరింథీయులకు వ్రాసిన మొదటి లేఖలో శరీరమును విత్తనముతో పోల్చెను. విత్తనము మంటిలో పడి చావక చిగిర్చదు. విత్తినది గింజ, లేచునది పైరు. క్రీస్తు మృతులలోనుండి లేచెనని నమ్మువారికి ఆ నిరీక్షణ కలదు. ఆ అధ్యాయము చివరి మాటయో, మన దినములకే సంబంధించినది. పునరుత్థానమును గూర్చి అంతగా వాదించిన పౌలు, కాబట్టి ప్రభువునందు మీ ప్రయాసము వ్యర్థము గాదు, పనిలో స్థిరముగా నుండుడు, అని ముగించెను. సమస్తమును వ్యర్థమనిన ప్రసంగికి ఇది యొక ప్రత్యుత్తరము వలె నాకు వినబడును.

మోషే ప్రార్థనయు అట్లే ముగియును. గడ్డివలె వాడువారమని ఒప్పుకొనినవాడు కట్టకడపట, మా చేతిపనిని స్థిరపరచుమని ఒకటికి రెండుమారులు వేడుకొనును. మనుష్యుడు నిలువడు, వాని చేతిపనిలో మంచిది నిలువవచ్చును. పెద్దలారా, మీ చేతులలో నేటికిని ఎన్నియో పంపకములు, ఎన్నియో గట్లు, ఎన్నియో కాలువలు, మాటలు లేని ఎందరో అన్నదమ్ములు ఉన్నారు. ఈ రాత్రి భోజనమైన పిదప మీ దినమును ఒకమారు లెక్క చూచుకొనుడు. పోవలసిన గడప ఏదైన నున్నచో కోతల వరకు ఆగకుడు.